ఓబుళరెడ్డి మీసం, లచ్చుమ్మవ్వ చావు

మనిషిని చంపడానికి కత్తి ఉండాలి, కోపం ఉండాలి, చీకటి ఉండాలి అంటారు. నా దగ్గర కత్తి ఒక్కటే ఉండింది. అది కూడా పెట్టింది కొడుకు మీసానికి, పోయింది తల్లి ప్రాణం. పట్టపగలు, సంతనాడు, బద్వేలు బజారులో. ఇంకా వింత ఏమంటే, పోయిన ఆ మహాతల్లి తన చావుకు వచ్చిన వాళ్లందరికీ తానే దగ్గరుండి మజ్జిగ పోయించింది. నమ్మకపోతే మీ ఇష్టం. నేను నిజం చెప్పినప్పుడు ఎవరూ నమ్మకపోవడం వల్లనే ఆ రోజు అంత అనర్థం జరిగింది.

కర్నూలు రాజధానియై, సర్కారు డేరాలలో కాపురమున్న రోజులవి. నేను ఐదో తరగతిలో బడికి దండం పెట్టి వచ్చేశాను. నిజానికి దండం పెట్టింది బడే. బద్వేలులో మా మేనమామ పుల్లయ్యకు మంగలి షాపు ఉండేది. అందులో చేరి, నా మూతి మీద నాలుగు వెంట్రుకలు మొలిచే నాటికి ఇతరుల మూతుల మీద అధికారం సంపాదించాను. షాపంటే ఒక కుర్చీ, ఒక బెంచీ, నిలువునా బీటవారిన ఒక అద్దం. ఆ అద్దంలో ఎవరు చూసుకున్నా ముఖం రెండు పార్టీలుగా కనబడేది. మా సీమకు తగిన అద్దమని ఎవరూ మార్చమనలేదు.

మామకు చెయ్యి మంచిది. నాకు నోరు మంచిది. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు పెద్దలు. ఊరి సంగతి తెలియదు కానీ, నా నోటి వల్ల షాపు మాత్రం కళకళలాడేది. గడ్డం రానివాళ్లు కూడా వచ్చి బెంచీ మీద కూర్చునేవాళ్లు. పక్క కిరాణా కొట్టు సుబ్బయ్యశెట్టి, నవ్వితే ఏమైనా ఖర్చవుతుందేమోనని ఆలోచించి నవ్వే మనిషి, ఆయన కూడా కొట్టు వదిలి వచ్చి నా మాటలకు పొట్ట పట్టుకునేవాడు.

నవ్వని మనిషి ఒక్కడే. ఓబుళరెడ్డి.

కోసెడు దూరంలోని పల్లెలో రైతు ఆయన. సొంత ఊరు నల్లమలకు అవతలి వైపట. తండ్రి పోయాక తల్లి లచ్చుమ్మవ్వను తీసుకుని ఆమె పుట్టినూరికి వచ్చి స్థిరపడ్డాడు. చుట్టుపక్కల ఏ తగవు వచ్చినా ఆయన్ను పిలిచేవాళ్లు. ఆయన వచ్చి అరుగు మీద కూర్చుని మీసం ఒకసారి సవరిస్తే సగం తగవు తీరినట్టే. ఆ మీసం అలాంటిది. పైపెదవికి రెండు పక్కలా రెండు ఉడుములు పడుకుని ఎండకాగుతున్నట్టు ఉండేది. గడ్డం ఇంట్లోనే గీసుకునేవాడు. మీసం అంచులు దిద్దించుకోవడానికి మాత్రం సంతనాడు మా మామ దగ్గరికి వచ్చేవాడు.

నేను ఎన్ని చెప్పినా ఆయన ముఖం కదిలేది కాదు. నాపబండ మీద నీళ్లు పోసినట్టే. అంతవరకైతే ఓర్చుకుందును. ఒక సంతనాడు నేను బెంచీని ఊపేస్తుండగా ఆయన మామ వైపు తిరిగి, "పుల్లయ్యా, నీ అల్లునికి కత్తెందుకు? నోటితోనే గీకుతాండాడు గదా" అన్నాడు. అంతే. బెంచీ బెంచీ అంతా విరగబడి నవ్వింది. నా బెంచీ. నేను పెంచిన బెంచీ. తాను నవ్వనివాడు నా నవ్వులు ఎత్తుకుపోవడమేమిటి? ఆ రోజు నుంచి ఆయనకు 'నాపబండ' అని పేరు పెట్టాను. ఎప్పటికైనా ఈ బండను పగలగొట్టి నవ్వించకపోతే నేను పుల్లయ్య మేనల్లుణ్ణి కానని శపథం పట్టాను. శపథాలు పట్టే ముందు చేతిలో ఏముందో చూసుకోవాలని నాకప్పుడు తెలియదు.

ఆ ఏడు వానలు లేవు. ఓబుళరెడ్డి పల్లెలో నాగన్న, ఎర్రన్న అని అన్నదమ్ములు. ఇద్దరికీ కలిపి ఒకటే బావి. నీళ్లు అడుగంటేసరికి, ఎద్దులతో నీళ్లు తోడే కపిల ముందు నాది తోలాలంటే నాది తోలాలని మొదలై, మాటలు ఆగిపోయి, చివరికి కొడవళ్ల దాకా వచ్చింది. మర్నాడు ఓబుళరెడ్డి పంచాయితీకి కూర్చోవాలి. ఆయన మాట వింటే సరి. వినకపోతే ఒకడు కాటికి, ఒకడు జైలుకు. పల్లె అంతా అదే అనుకుంటోంది.

ఆ ముందురోజు సంత. మామ ఏదో పెళ్లింటి పనికి పోయాడు. బెంచీ ఖాళీ. రెడ్డి వచ్చి, మామ లేడని తెలిసి, నా వైపు సందేహంగా చూసి, తప్పదన్నట్టు కుర్చీలో కూర్చున్నాడు. రేపు పంచాయితీ ఉంది, జాగ్రత్తగా దిద్దమన్నాడు. నేను కత్తి సాన పట్టాను. కత్తితో పాటు నాలుక కూడా.

ఆ రోజు ఎత్తుకున్నది మా మామ కథ. మామ కుర్రతనంలో అహోబిలం తిరునాళ్లకు పోయి ఒక నాటకం చూశాడు. అందులో రాణి వేషం, ఆ సొట్టబుగ్గలు చూసి మతి పోగొట్టుకున్నాడు. ఇంటికి వచ్చి మా అత్తతో, అంత అందమైన ఆడది భూమ్మీద లేదని చెప్పాడు. ఏ మొగుడూ పెళ్లాంతో చెప్పకూడని మాట. అప్పటి నుంచి ఆ రాణి మీద మా అత్తకు పగ. కూరలో ఉప్పెక్కువైందని మామ అంటే, "పోయి ఆ రాణెమ్మను వండిపెట్టమను" అనేది.

ఆ నాటకంలో రాజు చచ్చిపోయి పడుకున్నాడట. రాణి ఆయన మీద పడి ఏడుస్తోంది. ఏడుస్తుండగా ఆమె కొప్పులోంచి సన్నగా పొగ లేచింది. జనమంతా పతివ్రత తల మండుతోందని లేచి నిలబడి దండాలు పెట్టారు. కొందరు కొబ్బరికాయలు కొట్టారు. పొగ ఎక్కువైంది. చచ్చిన రాజు వాసన పట్టి, లేచి కూర్చుని, చెంబుడు నీళ్లు రాణి నెత్తిన గుమ్మరించి మళ్లీ చచ్చిపోయాడు. మా మామ ఈనాటికీ అది పాతివ్రత్యమేనంటాడు.

ఇదంతా నేను ఏడుపులతో, దండాలతో సహా అభినయించి, కత్తి రెడ్డి మీసం అంచుకు ఆనించి, చివరి దెబ్బ కొట్టాను.

"పాతివ్రత్యమేంది రెడ్డీ, ఆ యమ్మ లోపల బీడీ తాగుతా, పిలుపు రాంగానే ఆర్పకుండా కొప్పులో దోపుకోని వచ్చింటాది."

కుర్చీలోంచి ఒక నవ్వు వచ్చింది. మగనవ్వు కాదు. కొత్తకుండలో గవ్వలు పోసి ఊపినట్టు గలగలమంది. ఆ నవ్వులోంచే ఒక మాట వచ్చింది.

"బీడీ గాదురా, చుట్ట."

బండ పగిలింది. శపథం నెరవేరింది. పెదవి ఒక వైపుకు పోయింది, కత్తి దాని వెనకే పోయింది.

అద్దంలో చూశాను. బీటకు అటు మీసం ఉంది. ఇటు లేదు. మొదట అద్దం తప్పేమో అనుకున్నాను. ఆశ అంటే అదే. కిందికి చూస్తే ఒక ఉడుము నా కాలి దగ్గర పడి ఉంది.

ఆయన అన్న మాట అర్థం చేసుకునే బుర్ర నాకు ఆ క్షణంలో లేదు. సీమలో మీసం అంటే ఏమిటో మీకు నేను చెప్పాలా? చెయ్యి నరికితే రాజీ పడతారు, మీసం నరికితే మూడు తరాలు గుర్తు పెట్టుకుంటారు. నా మెడ మీద నేనే ఒకసారి చెయ్యి పెట్టి చూసుకున్నాను, కడసారి చూపు కింద.

రెడ్డి అద్దంలో చూసుకున్నాడు. అరవలేదు. తిట్టలేదు. "రెండోది గూడా తీసెయ్" అన్నాడు మెల్లగా. తీశాను. కండువ మూతికి అడ్డం చుట్టుకుని, ఎవరితోనూ అనవద్దని నా చేత ఒట్టు వేయించుకుని, బండెక్కి పోయాడు.

బండి మలుపు తిరిగిందో లేదో సుబ్బయ్యశెట్టి వచ్చాడు. రెడ్డి మూతికి గుడ్డ కట్టుకుని పోతున్నాడేమని అడిగాడు. నేను మాట్లాడలేదు. ఒట్టు వేశాను కదా. శెట్టి చూపు నేల మీద పడింది. తాలూకా అంతటికీ తెలిసిన మీసం అది. అక్కడ పడుకుని ఉంటే గుర్తుపట్టడానికి పంచాంగం అక్కర్లేదు. సీమలో తల్లో తండ్రో పోతే తప్ప అలాంటి మీసం నేల మీదికి రాదు. తండ్రి పోయి ఎన్నో ఏండ్లయింది.

"అయ్యో దేవుడా, పెద్దామె పోయినాదా?" అన్నాడు శెట్టి.

నేనొక నిట్టూర్పు విడిచాను. నా తల ఇంకా నా భుజాల మీదే ఉన్నందుకు విడిచిన నిట్టూర్పు అది. శెట్టి దాన్ని వేరే పద్దులో రాసుకున్నాడు. మౌనం అర్ధాంగీకారమంటారు. నాది పూర్తి శవయాత్ర. మీసం తీయించుకున్నవాడు తల కూడా తీయించుకోలేదేమని ఒకసారి అడిగాడు గానీ, "ఇంటికాడ తీపిచ్చుకుంటాడులే" అని జవాబు కూడా ఆయనే చెప్పుకుని, పోయి కొట్టు మూసేశాడు. సంతనాడు శెట్టి కొట్టు మూశాడంటే ఇక ఎవరికీ రుజువు అక్కర్లేదు. సంతలో కూరగాయలకంటే ముందు లచ్చుమ్మవ్వ చావు అమ్ముడైపోయింది.

కబురు విని మామ పరుగున వచ్చాడు. చావింటికి ముందు పోవలసింది మేమే. క్షవరం సామాన్ల సంచిని మేము అడపమంటాం. అది చంకన పెట్టుకుని బయలుదేరమన్నాడు. ఇక ఆగలేక నోరు విప్పాను.

"మామా, లచ్చుమ్మవ్వ పోలేదు."

"మరి రెడ్డి మీసం యాడికి పాయె?"

"నా కత్తికి పాయె. రాణెమ్మ కథ చెప్తాంటే ఆయన నవ్వినాడు, జారిపాయె."

మామ ఆగి నన్ను ఎగాదిగా చూశాడు. "ఓబుళరెడ్డి నవ్వినాడా? చావింటికి పోతా గూడా ఎకసెక్కాలేనా? నోర్మూసుకోని నడువు" అన్నాడు. ఒట్టు తప్పిన పాపం దక్కింది, చెప్పిన పుణ్యం దక్కలేదు. నాన్నా పులి కథ మా బడిలో నాలుగో తరగతిలో చెప్పారు. ఆ రోజు నేను బడికి పోలేదేమో.

దారి పొడుగునా జనం కలుస్తూనే ఉన్నారు. పక్క పల్లెల బంధువులు. డప్పులవాళ్లు. ఆడవాళ్లు నడుస్తూనే ఏడుపుకు గొంతు సవరించుకుంటున్నారు. మా ముందు ఇద్దరు పొడుగాటి వెదురుబొంగు చెరో కొసా భుజాన పెట్టుకుని పోతున్నారు. పాడె కట్టడానికి. సంతకు వచ్చిన నాగన్న, ఎర్రన్న. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. కానీ బొంగు ఒకటే కాబట్టి అడుగు కలపక తప్పడం లేదు.

పల్లెకు చేరేసరికి లచ్చుమ్మవ్వ అరుగు మీద కూర్చుని చేటలో శెనక్కాయలు ఏరుతోంది.

ముందున్న ఆడవాళ్లు ఎండలో తల దించుకుని వస్తున్నారు. అరుగు చూడకుండానే గొల్లుమన్నారు. అవ్వ చేట కింద పెట్టి, తాను కూడా కంట నీళ్లు పెట్టుకుంది. మంచి మనిషి. చావు ఎవరిదైనా ఏడవాలి కదా.

"ఎవురమ్మా పోయినారు?" అంది కండ్లు తుడుచుకుంటూ.

ఒకామె ఏడుపు మధ్యలో, "నువ్వే గదా అవ్వా" అంది.

"నేనా? నేను యాడికీ పోలేదే. పొద్దున్నుంచీ ఈడ్నే కూచోనుండా."

అప్పుడు ఆమె తలెత్తి చూసి, ఏడుపు కొత్తగా ఎత్తుకుని, దాన్ని ఏం చేయాలో తెలియక మింగేసింది. డప్పు ఒకటి అలవాటు కొద్దీ రెండు దెబ్బలు మోగి ఆగింది. జనమంతా శెట్టి వైపు తిరిగారు. శెట్టి నా వైపు తిరిగాడు. నేను తిరగడానికి నా వెనక ఎవరూ లేరు.

అప్పుడే లోపలి నుంచి ఓబుళరెడ్డి వచ్చాడు, మూతికి కండువతోనే. దొడ్డిదోవన వచ్చి గాదెల గదిలో దాక్కున్నాడట పాపం, తెల్లారేలోగా మీసం మొలుస్తుందన్నట్టు. అవ్వ కొడుకును చూసింది.

"ఓబుళా, ఆ గుడ్డ తీయ్."

ఆయన దాన్ని ఇంకాస్త బిగించుకున్నాడు. అవ్వే లేచి, పోయి తీసింది. ఊరు ఊరంతా చూస్తుండగా కొడుకు పైపెదవి మీద బొటనవేలు పెట్టి నిమిరింది.

"ఎన్నేండ్లయింది నాయనా, నీ మొగం చూసి" అంది.

ఆ మాటకు ఆయన ఆపుకోలేక నవ్వాడు. రెండు బుగ్గల మీదా రెండు సొట్టలు పడ్డాయి. నా పక్కన దబ్బుమని చప్పుడైంది. మామ చేతిలోకి తీసుకున్న అడపం కింద పడింది. కత్తులు, పటిక అన్నీ దుమ్ములో పొర్లాయి. మామ రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు.

"రాణెమ్మ తల్లీ" అన్నాడు, తిరునాళ్లలో అన్నట్టే.

చుట్ట. అప్పుడు వెలిగింది నా బుర్రలో.

జనంలో పెద్దవాళ్లకు ఒక్కొక్కరికే గుర్తొచ్చింది. అహోబిలం, ఆ నాటకం, కొప్పులో పొగ. ఎవరో కిసుక్కున నవ్వారు. ఎర్రన్న బొంగు కొస దించకుండానే అన్నాడు.

"ఆడేషం కట్టినోని తీర్పు రేపు మేం ఇనాల్నా?"

ఆయన మాట పోతే పల్లెలో ఏమవుతుందో అందరికీ తెలుసు. నేను కోసింది మీసం కాదు, రేపటి పంచాయితీని. రెడ్డి ముఖంలో సొట్టలు మాయమయ్యాయి. నాపబండ మళ్లీ మూసుకుంటోంది.

అవ్వ అరుగు దిగింది.

"ఏంరా ఎర్రన్నా, ఆ బొంగు ఎవురికి తెచ్చినావు?"

"నీకే అవ్వా" అన్నాడు వాడు, గొంతు తగ్గించి.

"ఆ కొస ఎవురు పట్టుకొచ్చిరి?"

ఆ కొసన నాగన్న తల దించుకున్నాడు.

"చచ్చినదాన్ని మోసేదానికి కోసెడు దూరం అడుగులో అడుగేసి కలిసొస్తిరే. బతికుండే పైరుకు నీళ్లు తోడేదానికి ఏం రోగంరా మీకు?"

ఓబుళరెడ్డి మీసం కోసం చెయ్యి పైకెత్తి, అది లేదని గుర్తొచ్చి, ఆ చేత్తోనే బొంగు వైపు చూపించాడు.

"రేపటి దాకా ఎందుకు? ఒగ పొద్దు వాడు తోలుకుంటాడు, ఒగ పొద్దు వీడు. మొదటి పొద్దు చిన్నోనిది. ఇంక ఆ బొంగు దించండి."

ఇద్దరూ దించారు. నాగన్న తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ, "అట్నే కానీ రాణెమ్మా" అనేశాడు. అని, నాలుక కరుచుకున్నాడు.

మొదట నవ్వింది ఓబుళరెడ్డే. కొత్తకుండలో గవ్వలు. ఆ వెనక జనమంతా నవ్వారు. ఎర్రన్న నవ్వాడు. ఏడవడానికి వచ్చిన ఆడవాళ్లు ఆ కన్నీళ్లనే నవ్వుకు వాడుకున్నారు. అవ్వ అందరికీ మజ్జిగ పోయించింది. నాకు రెండు గ్లాసులు. చంపినవాడికి మర్యాద ఎక్కువ చేయాలంది.

ఎండ చల్లబడ్డాక రెడ్డి నన్ను బావి గట్టుకు పిలిచాడు. తన్నడానికేమో అనుకుని చెప్పులు చేత్తో పట్టుకునే పోయాను, పరుగుకు వీలుగా. ఆయన మాత్రం కథ చెప్పాడు.

కుర్రతనంలో తండ్రికి తెలియకుండా నాటకాల్లో కలిశాడట. కట్టిన చీర తల్లి పెండ్లి చీర. తల్లే ఇచ్చింది. ముసుగేసుకుని జనంలో కూర్చుని చూసేది కూడా. ఒక తిరునాళ్లలో తండ్రికి గిట్టనివాళ్లు అందరి ముందరా, "ఏం రెడ్డీ, నీ కూతుర్ని మా ఇంటికియ్యి" అని ఈలలేశారు. తండ్రి ఇంటికి పోయి తన మీసం తానే తీసేసుకుని అరుగు మీద కూర్చున్నాడు.

"నీ మూతి మింద వచ్చినాక నేను పెంచుకుంటాలే అన్యాడు. నాది నిండుగా రాకముందే ఆయన పాయె" అన్నాడు ఓబుళరెడ్డి. "నవ్వితే ఆ రాణే నవ్వినట్టుంటాదని నవ్వడం మానేస్తి. నీ షాపులో నవ్వాపుకోలేక నేను పడిన పాట్లు ఆ నరసింహసామికే తెలుసప్పా. ఒగోసారి నీ నోరు మూపిచ్చకపోతే నా నవ్వు బయటపడేటట్లు ఉండె."

చూశారా? ఇన్నాళ్లూ నేను పగబట్టిన ఆ మనిషి, నా జోకులకు లోలోపల అందరికంటే ఎక్కువ నవ్విన మనిషి. పుట్టలో పామని భయపడి కర్రెత్తితే లోపల మల్లెచెట్టు ఉన్నట్టయింది నా పని. నేను "ఇంతకీ ఆ చుట్ట ఎవరిది?" అని అడిగాను. రాజుదట. చచ్చేముందు దాచమని ఇచ్చాడట. ఇద్దరం నవ్వి నవ్వి బావిలో పడినంత పని చేశాం.

మీసం మళ్లీ పెంచాడు, తండ్రి కోసం. నవ్వు మాత్రం దాని కింద దాచలేదు, తల్లి కోసం. సంతనాడు ముందు బెంచీ మీద కూర్చుని కడుపారా నవ్వి, అలసిపోయాకే కుర్చీ ఎక్కేవాడు. మా అత్త ఒకసారి పనిగట్టుకుని షాపుకు వచ్చి, ఆ మీసాన్ని, ఆ సొట్టల్ని తనివితీరా చూసి, మామతో "ఈ యమ్మ కోసమా నన్ను ఇన్నేండ్లు ఏడిపిచ్చినావు" అని, ఆ రోజు నుంచి కూరలో ఉప్పు సరిగ్గా వేసింది. లచ్చుమ్మవ్వ మటుకు తన చావుకు ఎవరెవరు వచ్చారో, ఎవరు రాలేదో అన్నీ గుర్తు పెట్టుకుని, రానివాళ్లను సంతలో నిలబెట్టి అడిగేది.

ఇక నా ప్రతిజ్ఞ. ఆ బావి గట్టున, పడమటి పొద్దు సాక్షిగా, దుమ్ములోంచి ఏరుకున్న మా మామ కత్తి మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. చేతిలో కత్తి ఉండగా జోకు చెప్పను. ఒకవేళ చెప్పినా, ఎదుటి మనిషికి నవ్వొచ్చేటట్టు చెప్పను.

మొదటిది ఆ వచ్చే సంతకే తప్పాను. రెండోది ఈనాటి దాకా ఎంత నిష్ఠగా పాటిస్తున్నానో, ఇక్కడి దాకా చదివిన మీకే తెలుసు.